చదివి వినిపించగా విని

ఫిబ్రవరి 17, సోమవారం

క్రాంతి హాస్టల్ నుంచి వచ్చి రెండు రోజులైంది. వచ్చినప్పటి నుంచి నా వెనకే తిరుగుతోంది. ఏదో కావాలన్నమాట. కన్నదాన్ని, ఆ మాత్రం తెలియదా.

ఈ రోజు షాపులో జనం పలచబడ్డాక బయటపెట్టింది. మార్చి ఎనిమిదిన మహబూబాబాద్‌లో వాళ్ల ఆడపిల్లల గుంపు సభ పెడుతోందట. దానికి పోస్టర్లు, ఛాతీకి పెట్టుకునే బిళ్లలు నేను కంప్యూటర్‌లో కొట్టి ఇవ్వాలట. అన్నిటి మీదా పెద్ద అక్షరాలతో ఒకటే మాట.

ఏ మాట అని అడిగాను. చెప్పింది. పొద్దున పదకొండు గంటలకు, జనగామ కోర్టు ఎదురుగా, నా జిరాక్స్ మిషను పక్కన నిలబడి, టీ అడిగినంత తేలికగా చెప్పింది.

రెండక్షరాలు. ఆడదాని ఒంట్లో ఒక భాగం పేరు. మగవాళ్లకు కోపమొస్తే అదే, నవ్వొస్తే అదే, బండి స్టార్ట్ కాకపోతే అదే. వాళ్ల దగ్గర ఇంకో మాట లేదు పాపం.

నేను కొట్టనన్నాను. "అక్షరాలే గదమ్మా" అంది. పదహారేళ్లుగా ఇక్కడ కూర్చుని జనం అర్జీలు రాస్తున్నాను, ఒక్క బూతు నా వేలి కిందికి రాలేదు, ఇప్పుడు నీ కోసం రాదు అన్నాను. బూతు కాదట. బూతు చేశారట. దాన్ని వెనక్కి తీసుకోవడమే ఉద్యమమట. ఎక్కడ దొరుకుతాయో వీళ్లకు ఇవి. ఫోనులో, ఇంకెక్కడ. బొటనవేలితో పైకి తోస్తూ పోతే ఏదో ఒక విప్లవం తగులుతుంది.

క్రాంతి అని పేరు పెట్టింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.


ఫిబ్రవరి 18

లింగాల ఘనపూర్ వైపు నుంచి ఒకామె వచ్చింది. పేరు యాదమ్మ. నలభై ఐదు ఉంటాయి. జిన్నింగ్ మిల్లులో కింద పడ్డ పత్తి ఊడ్చే పని. భర్త ప్రభుదాస్ చెల్పూర్ దగ్గర కూలి పని చేస్తాడు, నెలకోసారి వస్తాడు. మెడలో చిన్న శిలువ.

మిల్లులో ఆడవాళ్లకు మరుగు లేదు. గోడ వెనక్కి వెళ్లాలి. ఈమె నిన్న పొద్దున ఒంటికి వెళ్లి వచ్చేసరికి సూపర్‌వైజర్ దిలీప్ ఎదురు నిలబడి, లారీ డ్రైవర్లు, హమాలీలు నలభై మంది వింటుండగా, ఆ మాట అని, దానికి తాళం వేసుకొని పనికి రమ్మన్నాడట. ఈమె చెప్పు తీసి కొట్టింది. ఒక్కటే దెబ్బ అని రెండుసార్లు చెప్పింది. ఇంకోటి కొట్టనందుకు బాధ పడుతున్నట్టే ఉంది.

నేను ఎప్పుడూ రాసేటట్టే రాశాను. "నన్ను చెప్పరాని మాటలతో, రాయరాని విధంగా దూషించినాడు." ఆ వాక్యం నా వేళ్లకు కంఠస్థం. ఎంతమంది ఆడవాళ్ల కాగితాల్లో కొట్టానో లెక్క లేదు. చివర్లో ఇంకో వాక్యం ఉంటుంది, చదువు రాని వాళ్లందరికీ: "చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినాను." అందుకని మొత్తం చదివి వినిపించాను.

విన్నది. వేలు ముందుకు పెట్టలేదు.

"వాడన్న మాట ఏదమ్మా గిండ్ల?"

అట్లాంటివి రాయకూడదు, పద్ధతి కాదు, పెద్దవాళ్లు చదివే కాగితం అన్నాను. ఆమె నా ముఖం చూసి, నీకు ఎర్కుంటది గదా అని వేలిముద్ర వేసి వెళ్లిపోయింది.


ఫిబ్రవరి 19

క్రాంతి నాతో మాట్లాడటం లేదు. హాయిగా ఉంది.


ఫిబ్రవరి 22, శనివారం

హాయి అయిపోయింది. ఈ రోజు స్నేహితురాళ్లను ఇద్దరిని తీసుకొచ్చింది, సైన్యం తెచ్చినట్టు. ఒక పిల్ల ముక్కుకు రింగు, ఇంకో పిల్ల చేతిలో నోట్సు. ఇంట్లో కూర్చుని నా ఉప్మా తింటూ నాకు పాఠం చెప్పారు.

మన ఒంటి పేరును మనమే పలకలేకపోతే ఆ ఒళ్లు మనది ఎట్లా అవుతుంది అని ముక్కు రింగు పిల్ల అడిగింది. వాళ్లు విసిరిందాన్ని మనం పట్టుకొని బిళ్లలాగా పెట్టుకుంటే వాళ్ల చేతిలో ఏం మిగులుతుంది అంది నోట్సు పిల్ల. చెవి, ముక్కు అన్నట్టు అదీ అనాలట. అనగా అనగా అరిగిపోతుందట.

వాళ్లు అరిగించే లోపల మేం అరిగిపోతాం అన్నాను. నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

అసలు వీళ్లకు ఏం తెలుసు. ఆ మాట వీళ్లను ఎవరన్నారు? ఏసీ గదిలో సెమినార్లు, ముగ్గుల పోటీ పెట్టే కాలేజీ మహిళా దినోత్సవం. దెబ్బ తగలని వాళ్లకు మచ్చ మీద మోజు. ఆ మాట తలుపు మూసి ఒక్కరే ఒక్కరితో అంటే ఎట్లా ఉంటుందో వీళ్లకు తెలియదు. క్రాంతికి కూడా తెలియదు. అప్పుడు అది ఆరేళ్ల పిల్ల. మధ్యాహ్నం తిని పక్క గదిలో నిద్రపోయేది. ఆ ఒక్క విషయంలో నేను అదృష్టవంతురాలిని.

ప్లేట్లు కడగకుండా వెళ్లారు. స్త్రీ విముక్తి.


ఫిబ్రవరి 25, మంగళవారం

యాదమ్మ మళ్లీ వచ్చింది. నిలబడే మాట్లాడింది.

దిలీప్ కూడా స్టేషన్‌లో కాగితం ఇచ్చాడు, దాని జిరాక్స్ యాదమ్మ తెచ్చింది. అది కోర్టు గేటు దగ్గర కూర్చునే ముసలి రైటర్ రాసింది. ఆయన రాత నేను ఎక్కడైనా గుర్తుపడతాను. అందులో తేదీ ఉంది, టైము ఉంది, ఏ కాలి చెప్పో ఉంది, ఏ చెంప మీద పడిందో ఉంది, చూసిన వాళ్ల పేర్లు ఉన్నాయి. యాదమ్మ కాగితంలో ఏముంది? చెప్పరాని మాటలు ఉన్నాయి.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఆమెను అడిగాడట. "చెప్పరాదని నువ్వే రాయిస్తివి. చెప్పరానిదాన్ని నేనేం రాసుకోవాలె?" దిలీప్ ఏమో పనికి పో అన్నాను, అంతే, కొట్టింది అంటున్నాడు. మిల్లు వాళ్లు రాజీ మాట తెచ్చారు. వచ్చే బుధవారం, ఐదో తారీకున, మిల్లు గేటు దగ్గర అందరి ముందు ఆమె దిలీప్ కాళ్లు పట్టుకోవాలి. పట్టుకుంటే కేసు లేదు, పని ఉంటుంది. లేకుంటే కొట్టిన కేసు ఆమె మీద నడుస్తుంది, పని పోతుంది.

"నీ కాయితం నన్ను వాని కాళ్ల కాడికి తెచ్చిందమ్మా" అంది. గట్టిగా కూడా అనలేదు.

నేను పద్ధతి ప్రకారం రాశానని చెప్పాను. ఎవరు రాసినా అట్లాగే రాస్తారని చెప్పాను. ఆడవాళ్ల పరువు కోసం అట్లా రాస్తారని కూడా చెప్పాను. ఆమె వింటూ గోడ మీద క్యాలెండర్ చూస్తోంది. నా మాటలు నాకే పాచి కంపు కొట్టాయి.


ఫిబ్రవరి 26

శివరాత్రి. ఉపవాసం. షాపు తీయలేదు. ఏమీ రాయాలని లేదు.


ఫిబ్రవరి 28, శుక్రవారం

ఈ రోజు షాపులో వాళ్లిద్దరూ ఎదురుపడ్డారు. నేను కలపలేదు. యాదమ్మ, ఇంకేమైనా దారి ఉందా అని అడగడానికి వచ్చింది. క్రాంతి అక్కడే అట్ట ముక్కలు గుండ్రంగా కత్తిరించి స్కెచ్ పెన్నుతో బిళ్లలు తయారు చేస్తోంది. నేను కొట్టివ్వకపోతే చేత్తో రాసుకుంటుందట.

ఏం రాసినవు బిడ్డా అని యాదమ్మ అడిగింది. క్రాంతి చెప్పింది. అదే తేలిక గొంతు.

యాదమ్మ సిగ్గుపడుతుందనుకున్నాను. లేదా తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. బిళ్ల చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ఇదెందుకు అని అడిగింది. క్రాంతి సభలో మాట్లాడబోయేదంతా అక్కడే మాట్లాడింది. ఆ మాట మనదే పెద్దమ్మా, మనం వాపసు తీసుకుంటే వాళ్లకు తిట్టడానికి ఏమీ ఉండదు అంది. పాపం, బాగానే మాట్లాడింది. నేను జిరాక్స్ తీస్తున్నట్టు నటిస్తూ విన్నాను.

"నాదేనని నాకెర్క లేదా బిడ్డా?" అంది యాదమ్మ. "నలుగురిని కన్న. నాదాన్ని నేను ఎన్నడన్న తిట్టు చేసిన్నా? చేసింది వాడు. వాపస్ తీసుకుంటే వాడు తీసుకోవాలె. నువ్వు గిది పెట్టుకొని రేపు మా మిల్లుకాడ జర నిలబడు. వాళ్లు సదివి నవ్వుతరు. నువ్వు బస్సెక్కి పోతవు. నేను ఆ నవ్వుల ఊడ్వాలె."

క్రాంతి స్కెచ్ పెన్నుకు మూత పెట్టి వాదన వదిలేసింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి. నాకు ఎంత సంతోషమైందంటే పెదవులు ఆపుకోలేకపోయాను.

యాదమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వు నవ్వకు జానకమ్మా. నీ బిడ్డ గోడల మీద రాస్తనంటాంది. నువ్వు నా కాయితం మీద గూడ రాయకపోతివి."

ఆమె వెళ్లిపోయింది. క్రాంతి అట్ట ముక్కలన్నీ కవర్‌లో వేసుకుంది. పారేయలేదు, దాచింది.


మార్చి 2, ఆదివారం

ఇది రాయకుండా ఇంకేదైనా రాయవచ్చు. బీరకాయలు తెచ్చాను, పొట్టు పచ్చడి చేశాను అని రాయవచ్చు.

మొగుళ్లపల్లిలో మా ఆయనకు ఎరువుల షాపు. ఊళ్లో చాలా మర్యాదస్తుడు. రైతులను కూడా మీరు అనేవాడు. నలుగురి ముందు నన్ను "జానకి గారు" అని పిలిస్తే ఆడవాళ్లు కుళ్లుకునేవాళ్లు. నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. అది ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. మధ్యాహ్నం షాపు మూసి భోజనానికి వచ్చేవాడు. తిని, చేయి కడుక్కుని, తుడుచుకుని, గది గడియ పెట్టేవాడు. కోపం ఉండేది కాదు. అరిచేవాడు కాదు. నా పేరు బదులు ఆ మాటతో పిలిచేవాడు. ఇటు రా అనడానికి ముందు. నీళ్లు తే అనడానికి ముందు. ఏడేళ్లు. నాకు జానకి అనే పేరు బజారులోనే ఉండేది.

క్రాంతి నిద్రపోయేది.

ఆ ఇల్లు వదిలి వచ్చేసేముందు పెద్దమనుషుల్లో పెట్టారు. మా అన్న వెంకట్రాజం పక్కనే కూర్చున్నాడు. కొట్టాడా అని అడిగారు. లేదన్నాను. తాగుతాడా. లేదు. ఇంకో ఆడది? లేదు. మరి ఏం చేశాడమ్మా అని అడిగారు. అనరాని మాటలు అంటాడు అన్నాను. ఏమంటాడు అన్నారు. చెప్పరానివి అన్నాను. పదకొండు మంది మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన నవ్వాడు. మొగుడు ఒక మాట అంటే ఇల్లు వదులుతారా అని మా అన్నే అన్నాడు. నా ఎదురుగా మా ఆయన తల వంచుకుని, ఎంతో నొచ్చుకున్నట్టు కూర్చున్నాడు.

పరువు కోసం అట్లా రాస్తారని యాదమ్మకు చెప్పానే. ఎవరి పరువు? ఆ రోజు ఆ మాట చెప్పి ఉంటే పోయేది నా పరువు కాదు.

పదహారేళ్లుగా అదే వాక్యం జిల్లాలోని ఆడవాళ్లందరికీ అంటగడుతున్నాను. నేను ఓడిపోయిన వాక్యాన్ని. నా తెలివికి దండం పెట్టాలి.


మార్చి 3, సోమవారం

యాదమ్మకు కబురు పంపాను. కొత్త కాగితం కొట్టాను. ఆ మాట, తాళం మాట, ఉన్నది ఉన్నట్టు. విన్నవాళ్ల పేర్లతో సహా. చదివి వినిపించాను. వేలిముద్ర వేసింది.

అంతే. ఇంకేం లేదు.


మార్చి 5, బుధవారం

స్టేషన్‌కు నేను కూడా వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు, రైటర్ వెళ్లే పని లేదు.

హెడ్ కానిస్టేబుల్ కాగితం చదివి ముఖం చిట్లించాడు. "ఏందమ్మా, ఆడోళ్లయ్యుండి గిట్లాంటియి రాస్తరా" అన్నాడు. పది నిమిషాల కిందట ఇదే మనిషి ఫోనులో ఎవరినో అదే మాట ముందొకసారి వెనకొకసారి పెట్టి తిట్టడం నేను గుమ్మంలో నిలబడి విన్నాను. నోట్లో ఉంటే భాష, కాగితం మీదికి వస్తే పాపం. ఈ దేశంలో సిగ్గంతా ఆడవాళ్లకు జీతం లేకుండా అప్పజెప్పిన కొలువు.

ఎస్సై చిన్నవాడు. చదివి, పక్కనే రాజీ సంతకం కోసం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి కూర్చున్న దిలీప్‌కు కాగితం తిప్పి చూపించాడు. ఇది అన్నావా అని అడిగాడు.

దిలీప్ చదివాడు. పైకి చదవలేదు, చూపు ఒక దగ్గర ఆగింది, అంతే. వాడికి కాళ్లు పట్టించుకునే తొందర. ఆలోచించకుండా అన్నాడు.

"మిల్లుల అందరు అనేదే గద సార్. నేనేమన్న కొత్తగ అన్ననా?"

ఎస్సై పెన్ను తీశాడు. ఆ ముక్క రాసుకోమని హెడ్‌కు చెప్పాడు. అప్పుడు అర్థమైంది దిలీప్‌కు, పనికి పో అని మాత్రమే అన్నానని ముందు కాగితంలో తానే రాయించిన సంగతి. చొక్కా గుండీలు సవరించుకోవడం మొదలుపెట్టాడు. పశువుకైనా కాస్త జ్ఞాపకం ఉంటుంది.

రాజీ లేదు. గేటు లేదు, కాళ్లు లేవు. రెండు కేసులూ నడుస్తాయి. మిల్లులో పని ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేదు. కోర్టులో జడ్జి ముందు ఆ మాట మళ్లీ చెప్పాల్సి వస్తుందని యాదమ్మతో అన్నాను. "వాడు నలభై మంది ముంగట అన్నడు. నేను ఒక్కాయన ముంగట చెప్పలేనా?" అంది. బస్సు ఎక్కేముందు నా చేయి ఒకసారి పట్టుకుని వదిలింది.


మార్చి 8, శనివారం

క్రాంతి పొద్దున రైలుకు మహబూబాబాద్ వెళ్లింది. పోస్టరు చేత్తోనే రాసుకుంది. ఏం రాసిందో నేను చూడలేదు, అది చూపించలేదు. చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లింది. వెళ్తూ షాపు తాళాలు నా చేతికిచ్చి, తిన్నావా అని అడిగింది.

సోమవారం సంగతి రాస్తాను. ఇంకేం లేదు అని రాశాను. అబద్ధం.

కొట్టడం కష్టం కాలేదు. క్రాంతి అన్నట్టు అక్షరాలే. వేళ్లకు ఏం తెలుసు. ప్రింట్ తీసి యాదమ్మ ముందు పెట్టి, ఇక్కడ వేలు పెట్టు అన్నాను.

"చదువు" అంది.

అంతా నువ్వు చెప్పినట్టే ఉంది అన్నాను.

"పోయినసారి గట్లనే అంటివి. చదువమ్మా, వింట."

చదవడం మొదలుపెట్టాను. పేరు, ఊరు, మిల్లు, తారీకు. క్రాంతి లోపల స్టూలు మీద కూర్చుని ఉంది. ఆ మాట దగ్గరికి వచ్చాను. ఆగాను. యాదమ్మ ఎదురు చూస్తోంది, కళ్లు నా నోటి మీదే. నలభై తొమ్మిదేళ్లలో నేను ఆ మాట పైకి అనలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అనలేదు.

అన్నాను.

మెల్లగా, పళ్ల మధ్య నుంచి, రెండో అక్షరం మీద కొంచెం నొక్కి, అరవకుండా. నా గొంతే. కానీ నాది కాదు. గడియ పెట్టి, చేయి తుడుచుకుంటూ అన్నట్టే వచ్చింది. నేను అనుకరించలేదు. ఆ మాటకు నా దగ్గర ఇంకో గొంతు లేదు, అంతే. ఇన్నేళ్లూ లోపల ఉన్నది ఉన్నట్టు ఉంది, ఆయన పెట్టిన చోటే.

యాదమ్మ ముఖం మారింది. వాడి ముందు నిలబడ్డట్టే బిగుసుకుంది.

"గట్లనే అన్నడు" అంది. "అచ్చం గట్లనే."

వేలిముద్ర వేసింది. నీలం వేలు తలకు రాసుకుంటూ వెళ్లిపోయింది.

నేను కుర్చీలోనే కూర్చున్నాను. క్రాంతి వచ్చి నా పక్కన నిలబడింది. పాఠం చెబుతుందనుకున్నాను, చూశావా, అన్నావు కదా అంటుందనుకున్నాను. అది నా చేతిలో కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"నాన్న గొంతు" అంది.

నీకెట్లా తెలుసు, నువ్వు నిద్రపోయేదానివి అన్నాను.

"ఒక్కనాడు గూడ నిద్రపోలేదమ్మా. కండ్లు మూసుకొని పండుకునేదాన్ని. నువ్వు తలుపు తీసి నన్ను చూసేటప్పుడు నిద్రపోయినట్టు కనబడాలె గదా."

దానికి ఏం అనాలో ఇప్పటికీ తెలియదు.

ఆ మాటను వెనక్కి తీసుకోవచ్చో లేదో నాకు తెలియదు. వాళ్ల బిళ్లలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే. ముక్కు రింగు పిల్ల మళ్లీ వస్తే ప్లేటు కడిగించే పంపిస్తాను. యాదమ్మ అన్నదే నిజమనిపిస్తుంది. కానీ ఇందాక ఈ డైరీ వెనక్కి తిప్పి మొదటి పేజీ చదివాను. టీ అడిగినంత తేలికగా చెప్పింది అని రాశాను. ఎంత వెటకారంగా రాశానో. నాకు పదహారేళ్లలో రాని గొంతు అది. దానికి ఎట్లా వచ్చింది, ఎన్నిసార్లు ఒక్కతే ఆ మాట పైకి అని చూసుకుంటే ఆయన గొంతు పోయి తన గొంతు వచ్చింది, నేను అడగలేదు.

సాయంత్రం ఐదింటి రైలుకు వస్తానంది. స్టేషన్‌కు వెళ్తాను.